బ్రేకు ఫెయిలైందా? ఫెయిల్ చేశారా?

2025 సెప్టెంబర్ 3 సాయంత్రం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గ్లోరియా ఫ్యూనిక్యులర్ పట్టాలు తప్పి, పక్కనున్న భవనాన్ని ఢీకొంది. 16 మంది చనిపోయారు. ఏటవాలు వీధిలో కేబుల్ సాయంతో ఎక్కి దిగే ఈ పసుపు పచ్చ బండి 1885లో మొదలైంది. లిస్బన్ చూసి వచ్చిన మన వాళ్ళలో చాలామంది దాని ముందు నిలబడి ఫొటో దిగే ఉంటారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాట ఒక్కటే: "కేబుల్ తెగిందట, బ్రేకు ఫెయిలైందట."

ఘాట్ రోడ్డులో బస్సు పడినా, క్రేన్ నుంచి బరువు జారినా, లిఫ్టు కిందికి దూసుకుపోయినా మనం ఇదే మాట వింటాం. ఆ మాటతో వార్త ముగిసిపోతుంది. తప్పంతా ఒక ఇనప ముక్క మీదికి పోతుంది. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. పెళ్ళయి అమెరికా వచ్చాక ఇల్లూ పిల్లలతోనే సరిపోయింది గానీ, ఇలాంటి వార్త కనబడితే ఆ చదువు ఊరుకోనివ్వదు. బరువులు మోసే యంత్రాల్లో బ్రేకును ఎలా తయారు చేస్తారో ఒక్కసారి తెలిస్తే, "బ్రేకు ఫెయిలైంది" అన్నది జవాబు కాదని, అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుందని అర్థమవుతుంది.

అందుకు హైడ్రాలిక్ వించ్ మంచి ఉదాహరణ. లిస్బన్ బండిని లాగేది విద్యుత్ మోటారు, ఆ సంగతి వేరు. కానీ ప్రపంచంలో మొబైల్ క్రేన్లు, చేపల ఓడలు, పాడైన లారీలను లాగే టో ట్రక్కులు ఎక్కువగా ఈ వించ్ మీదే ఆధారపడతాయి. గల్ఫ్‌లో మన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ కుర్రాళ్ళు క్రేన్ల కింద, క్రేన్ల మీద పనిచేస్తున్నారు. వాళ్ళ ప్రాణాలు రోజూ దీని చేతిలోనే ఉంటాయి.

నూనె బరువును ఎలా ఎత్తుతుంది?

వించ్ అంటే మరేం లేదు, మన బావి గిలకకు పెద్దన్న. గిలక మీదుగా తాడును మనం చేత్తో లాగుతాం. వించ్‌లో ఇనప తాడు ఒక డ్రమ్ముకు చుట్టుకుంటుంది. డ్రమ్మును ఒక మోటారు తిప్పుతుంది. హైడ్రాలిక్ వించ్‌లో ఆ మోటారు కరెంటుతో తిరగదు, ఒత్తిడితో వచ్చే నూనె దాన్ని తోసి తిప్పుతుంది. ఇంజను ఒక పంపును నడుపుతుంది, పంపు నూనెను గొట్టాల్లోకి నెడుతుంది, ఆ నూనె మోటారు గుండా వెళ్ళి మళ్ళీ ట్యాంకుకు చేరుతుంది.

ఒత్తిడి ఎంతంటే, కారు టైరులో మనం పెట్టే గాలి సుమారు 32 పీఎస్ఐ, అంటే 2.2 బార్. క్రేన్ల గొట్టాల్లో 200 నుంచి 300 బార్ మామూలే. 200 బార్ అంటే ఒక చదరపు సెంటీమీటరు చోటు మీద ఇంచుమించు 200 కిలోల తోపు. ఇంటర్‌లో బట్టీ పట్టిన పాస్కల్ సూత్రం ఇదే. చిన్న మోటారుకే పెద్ద బలం వస్తుంది. ఆ మోటారుకూ డ్రమ్ముకూ మధ్య ఒక గేర్‌బాక్సు ఉంటుంది. మోటారు వేగంగా తిరిగితే డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంది, వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది.

ఎత్తడం వరకూ కథ సులువు. బరువును గాల్లో ఆపి పట్టుకోవడం, ఆ తరువాత మెల్లగా దించడం, ఇవీ కష్టమైన పనులు.

దించడమే అసలు పరీక్ష

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ గణేశ్ నిమజ్జనం మనమంతా ఏటా లైవ్‌లో చూస్తాం. 2024లో విగ్రహం 70 అడుగులు. హుస్సేన్‌సాగర్ దగ్గర క్రేన్ ఆ విగ్రహాన్ని పైకి లేపినప్పుడు జనం కేకలు వేస్తారు. కానీ క్రేన్ ఆపరేటరుకు ఒళ్ళంతా కళ్ళు కావాల్సింది దించేటప్పుడు. ఎత్తేటప్పుడు భూమి ఆకర్షణ మనకు ఎదురు పనిచేస్తుంది, లివరు వదిలితే కదలిక తగ్గి ఆగుతుంది. దించేటప్పుడు అదే ఆకర్షణ బరువుతో చేతులు కలుపుతుంది. వదిలితే వేగం పెరుగుతూనే పోతుంది.

నీళ్ళతో నిండిన చేద జారిపోతున్నప్పుడు తాడును చేత్తో పట్టుకున్న వాళ్ళకు అరచెయ్యి ఎలా మండుతుందో తెలుసు. బరువు కోల్పోయిన శక్తి ఎక్కడికో పోవాలి, అది వేడిగా మారుతుంది. 10 టన్నుల బరువును 20 మీటర్లు దించితే సుమారు 20 లక్షల జౌళ్ళ శక్తి బయటికొస్తుంది. ఆరు లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా తేవడానికి అది చాలు. అంత వేడీ ప్రతిసారీ బ్రేకు ప్లేట్ల మీదే పడితే అవి మాడి, అరిగి, పట్టు వదిలేస్తాయి.

అందుకే హైడ్రాలిక్ వించ్‌లో దించే పని బ్రేకుది కాదు, నూనెది. మోటారుకు అంటిపెట్టుకునే ఒక వాల్వ్ ఉంటుంది, దాన్ని కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్ అంటారు. బరువు దిగాలంటే మోటారులోంచి నూనె బయటికి పోవాలి. ఆ నూనెకు దారిచ్చేది ఈ వాల్వే. ఆపరేటర్ లివరును దించే వైపు వేస్తే పంపు రెండో వైపు నుంచి నూనె పోస్తుంది. అక్కడ ఒత్తిడి పుడితేనే ఈ వాల్వ్ కొంచెం తెరుచుకుంటుంది. బరువు తొందరపడి పంపు కన్నా ముందు పరిగెత్తబోతే ఆ ఒత్తిడి పడిపోతుంది, వాల్వ్ దానంతట అదే ముడుచుకుంటుంది. పంపు ఎంత పోస్తే బరువు అంతే దిగుతుంది. పుట్టిన వేడిని నూనె మోసుకుపోయి ట్యాంకులో, కూలర్లో వదులుతుంది.

మరి గొట్టం పగిలితే? వాల్వ్ మోటారుకే బిగించి ఉంటుంది కాబట్టి, బయటి గొట్టం పగిలినా మోటారులోని నూనె అక్కడే బందీ అవుతుంది. ఒత్తిడి లేదు కాబట్టి వాల్వ్ తెరుచుకోదు, బరువు ఆగుతుంది.

ఎప్పుడూ పట్టుకునే ఉండే బ్రేకు

నూనె ఒక్కటే బరువును గంటల తరబడి పట్టుకోలేదు. మోటారు లోపలి సన్నని సందుల్లోంచి నూనె కొద్ది కొద్దిగా కారుతుంది, బరువు అంగుళం అంగుళం జారుతుంది. అందుకే నిలిపి ఉంచడానికి వేరే బ్రేకు పెడతారు. ఇక్కడే తెలుసుకోవాల్సిన సంగతి ఉంది.

మన కారు బ్రేకు మామూలుగా తెరిచి ఉంటుంది, పెడలు తొక్కితే పడుతుంది. వించ్ బ్రేకు దీనికి సరిగ్గా తలకిందులు. అందులో గుండ్రటి ప్లేట్లు వరసగా పేర్చి ఉంటాయి, వాటిని బలమైన స్ప్రింగులు ఎప్పుడూ నొక్కి పట్టుకునే ఉంటాయి. యంత్రం ఆగినా, ఇంజను ఆరినా, నూనె మొత్తం కారిపోయినా ఆ పట్టు అలాగే ఉంటుంది. బ్రేకు వదలాలంటే నూనె ఒత్తిడితో ఒక పిస్టన్ ఆ స్ప్రింగులను వెనక్కి నెట్టాలి. బ్రేకు వెయ్యడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, తియ్యడానికే సాయం కావాలి.

చాలా వించుల్లో ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంటుంది. ఎత్తే వైపు మాత్రమే తిరగనిచ్చే ఒక వన్‌వే క్లచ్ బ్రేకుకు తోడుగా పనిచేస్తుంది. సైకిల్ పెడలు వెనక్కి తొక్కితే చక్రం కదలదు కదా, అదే తరహా. దానివల్ల ఎత్తేటప్పుడు బ్రేకును అసలు వదలాల్సిన పనే లేదు. లివరు వదిలిన క్షణానే బరువు బ్రేకు మీద వాలుతుంది.

ఈ ఆలోచన మనకు కొత్తదేం కాదు. రైల్లో చైను లాగితే ఏమవుతుంది? బ్రేకు గొట్టంలోని గాలి బయటికి పోతుంది, గాలి పోగానే బ్రేకు పడుతుంది. పెట్టెలు విడిపోయి గొట్టం తెగినా అంతే. పెద్ద లారీ స్టార్ట్ చేశాక కాసేపు కదలకుండా నిలబడేది కూడా, గాలి నిండి స్ప్రింగు బ్రేకు వదిలేదాకా అది కదలలేదు కాబట్టే. చెడిపోతే ఆగిపోవాలి గాని పరిగెత్తకూడదు. ఇంజినీర్లు దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు.

మరి ఇంత జాగ్రత్తగా చేసిన బ్రేకు ఉండగా ప్రమాదాలెందుకు జరుగుతున్నాయి?

పోపు పొగ, ఇటలీ కేబుల్ కారు

మన ఇళ్ళలో ఒక రహస్యం ఉంది. ఎండుమిరపకాయలతో పోపు వేయగానే పైనున్న స్మోక్ అలారం కెవ్వుమంటుంది. రెండుసార్లు, మూడుసార్లు చూస్తాం. నాలుగోసారి ఎవరో కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ తీసేస్తారు, లేదా ఒక ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. పోపు అయ్యాక తీసేద్దామనుకుంటారు. అది నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎక్కువ జాగ్రత్తగా ఉండే పరికరం విసుగు పుట్టిస్తుంది, ఆ విసుగులో మనమే దాని నోరు నొక్కుతాం.

2021 మే 23న ఇటలీలోని మోతరోనే కొండ దగ్గర జరిగింది ఇదే. అక్కడి కేబుల్ కారును ఒక తాడు మోస్తుంది, ఇంకో తాడు లాగుతుంది. లాగే తాడు తెగితే, మోసే తాడును గట్టిగా కరిచి పట్టుకోవడానికి కారులో అత్యవసర బ్రేకు ఉంటుంది. అది కూడా మనం పైన చెప్పుకున్న రకమే: స్ప్రింగు మూస్తుంది, నూనె ఒత్తిడి తెరిచి ఉంచుతుంది. ఆ నూనె ఒత్తిడి మాటిమాటికీ పడిపోతుండడంతో బ్రేకు ఊరికే పడి కారు ఆగిపోతుండేది. కోవిడ్ తరువాత అప్పుడే మళ్ళీ తెరిచిన సర్వీసు. లోపాన్ని సరిచేయాలంటే ఆపాలి. ఆపకుండా, బ్రేకు దవడలు మూసుకోకుండా అడ్డుపెట్టే ఇనప ఫోర్కులను అలాగే ఉంచి ప్రయాణికులతో నడిపారు. ఖాళీ కారును పరీక్షించేటప్పుడు వాడాల్సిన ఫోర్కులవి.

ఆ ఆదివారం కారు పై స్టేషనుకు చేరబోతుండగా లాగే తాడు తెగింది. బ్రేకు పడలేదు, పడే వీలే లేదు. 15 మందిలో 14 మంది చనిపోయారు. మిగిలింది అయిదేళ్ళ పిల్లాడు ఒక్కడే.

అక్కడ బ్రేకు ఫెయిలైందని అనగలమా? నూనె ఒత్తిడి తగ్గిన ప్రతిసారీ ఆగిపోయి ఆ బ్రేకు తన పని తాను సరిగ్గానే చేసింది. అది చేసిన ఫిర్యాదును మనుషులు వినిపించుకోలేదు.

క్రేన్ల విషయంలోనూ ఇదే తంతు చిన్న చిన్న రూపాల్లో జరుగుతుంది. దించేటప్పుడు కుదుపులు వస్తున్నాయని కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్ స్క్రూ తిప్పేస్తారు. తయారీదారు చెప్పిన నూనె కాకుండా చేతికందిన నూనె పోస్తారు, దాంతో ప్లేట్ల పట్టు తగ్గుతుంది. అరిగిన ప్లేట్లు మార్చడానికి ఒక రోజు పని ఆగుతుందని వచ్చే నెలకు వాయిదా వేస్తారు. వీటిలో ఏదీ ఆ రోజే ప్రాణం తియ్యదు. అందుకే తప్పని తోచదు.

బ్రేకు మంచిదే, తాడు కొస సంగతేమిటి?

రెండో రకం ప్రమాదంలో బ్రేకు ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. వించ్‌లో బ్రేకు సాధారణంగా గేర్‌బాక్సుకు ముందు, మోటారు వైపు ఉంటుంది. అక్కడ బలం తక్కువ కాబట్టి చిన్న బ్రేకు సరిపోతుంది. కానీ ఆ బ్రేకు నుంచి బరువు దాకా గేర్లు, డ్రమ్ము, తాడు, తాడు కొస, కొక్కెం వరసగా ఉన్నాయి. వీటిలో ఏది తెగినా బ్రేకు ఖాళీ మోటారును గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, బరువు మాత్రం కింద ఉంటుంది. మనుషులను ఎత్తడానికే ప్రత్యేకంగా చేసిన వించుల్లో డ్రమ్మునే నేరుగా పట్టుకునే రెండో బ్రేకు పెట్టేది ఇందుకే.

లిస్బన్‌లో జరిగింది ఈ రెండో రకం. రెండు బండ్లు ఒకే కేబుల్‌కు కట్టి ఉంటాయి, ఒకటి దిగుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. పై బండికి కేబుల్ బిగించిన చోటే అది విడిపోయింది. బండి నడిపే ఉద్యోగి గాలి బ్రేకూ, చేతి బ్రేకూ రెండూ వేశారని దర్యాప్తు సంస్థ చెప్పింది. కానీ కేబుల్ ఇచ్చే సమతూకం లేకుండా ఆ ఏటవాలులో బండిని ఆపే శక్తి ఆ బ్రేకులకు లేదు. ఆ ఉదయమే తనిఖీ జరిగింది, ఏమీ కనబడలేదు. తెగిన చోటు విప్పి చూస్తే తప్ప కంటికి కనబడదు మరి. ఆ కేబుల్ మనుషులను మోయడానికి ధ్రువీకరణ పొందినది కాదని 2025 అక్టోబరులో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. అంటే వాట్సాప్‌లో మనం తిప్పిన "బ్రేకు ఫెయిలైంది" అక్కడ కూడా పూర్తి నిజం కాదు. ఆ బ్రేకుకు మించిన పనిని దాని మీద పెట్టారు. కొనేటప్పుడు, తనిఖీ చేసేటప్పుడు తీసుకున్న నిర్ణయాల సంగతి ఆ మాట వెనక దాక్కుంది.

మన వేడుకల్లో

ఇదంతా యూరప్ సంగతి అనుకోవద్దు. 2024 జనవరి 18న హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో, అమెరికా కేంద్రంగా పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ రజతోత్సవం జరుగుతోంది. సంస్థ అధిపతి, మరో ఉన్నతాధికారి ఒక బోనులో నిలబడి పైనుంచి వేదిక మీదికి దిగుతుండగా ఒకవైపు గొలుసు తెగింది. అధిపతి చనిపోయారు, రెండో ఆయన తీవ్రంగా గాయపడ్డారు. ఇక్కడ ఎన్నో తెలుగు ఇళ్ళలో ఆ వార్త సొంత మనుషుల వార్తలా వినబడింది.

అయినా పెళ్ళిళ్ళలో వధూవరులు గాల్లోంచి దిగడం, కల్చరల్ ప్రోగ్రాముల్లో కృష్ణుడి వేషం వేసిన పిల్లాడు పైనుంచి రావడం తగ్గలేదు. మా ఊరి తెలుగు సంఘంలో కూడా ఈ ఆలోచన వచ్చింది. "తెలిసినాయన పికప్ ట్రక్కుకు వించ్ ఉంది, రెండు టన్నులు లాగుతుంది, పిల్లాడి బరువెంత?" అన్నారొకరు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు వినిపిస్తుంది. కానీ బురదలో దిగబడిన బండిని లాగే వించ్ వేరు, బరువును ఎత్తే వించ్ వేరు. లాగే వించ్ వదిలితే బండి నిలబడిన చోటే ఉంటుంది. దాని బ్రేకు గాల్లో వేలాడే బరువు కోసం చేసింది కాదు. దాంతో బరువులు ఎత్తవద్దని, మనుషులను అసలే ఎత్తవద్దని తయారీదారులు మాన్యువల్‌లోనే రాస్తారు. నేను ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కమిటీలో ఒక పెద్దాయన, "కృష్ణుడు నడిచే వస్తాడమ్మా" అని రాశారు.

అమెరికాలో నిర్మాణ పనుల కోసం ఓషా రాసిన క్రేన్ నియమాలు చూస్తే, మనుషులను ఎత్తడం ఎంత బరువైన విషయమో తెలుస్తుంది. వేరే దారి లేదని, లేదా వేరే దారి ఇంతకన్నా ప్రమాదమని చూపించగలిగినప్పుడే క్రేన్‌తో మనిషిని ఎత్తవచ్చు. ఎత్తినా, క్రేన్ సామర్థ్యంలో సగానికి మించి బరువు పెట్టకూడదు. ముందుగా మనుషులు లేకుండా బోనును ఒకసారి తిప్పి చూడాలి. మామూలు బరువుల విషయంలోనూ, తాడు లాగగల గరిష్ఠ బలంలో 90 శాతం, అంతకు మించి ఉన్నప్పుడు కొన్ని అంగుళాలు మాత్రమే ఎత్తి బ్రేకు పట్టుకుందో లేదో చూశాకే ముందుకు వెళ్ళాలి. డ్రమ్ము మీద కనీసం రెండు చుట్లు తాడు మిగిలే ఉండాలి. హెల్మెట్ పెట్టుకుని, శిక్షణ పొందిన కార్మికుడికే ఇన్ని కట్టుబాట్లు ఉంటే, పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురికీ, కిరీటం పెట్టుకున్న ఏడేళ్ళ పిల్లాడికీ మనం ఎన్ని పెడుతున్నాం?

ఈవెంటు వాళ్ళు ఎవరైనా మనిషిని గాల్లోకి లేపుతామంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇది మనుషులను ఎత్తడానికే తయారైన యంత్రమా, దానికి కాగితం ఉందా? కరెంటు పోయినా, ఇంజను ఆగినా, గొట్టం పగిలినా ఇది దానంతట అదే ఆగుతుందా, ఖాళీగా ఒకసారి చేసి చూపిస్తారా? తాడు, గొలుసు, వాటి కొసలు చివరిసారి ఎవరు విప్పి చూశారు, ఎప్పుడు? జవాబు నవ్వుతో వస్తే ఆ అంశాన్ని కార్యక్రమంలోంచి తీసేయండి.

గల్ఫ్‌లో క్రేన్ల దగ్గర మన వాళ్ళున్న ఇళ్ళకు ఒక మాట. ఫోనులో "పని ఎలా ఉంది?" అని అడిగినప్పుడు "బ్రేకు ఊరికే పడుతోంది, మేస్త్రీ తిడుతున్నాడు" అని అబ్బాయి అంటే విసుగనుకుని దాటేయకండి. ఆ బ్రేకు ఏదో చెబుతోంది. దాన్ని కట్టేయమని ఎవరైనా అంటే కట్టవద్దని, ముందు సేఫ్టీ ఆఫీసరుకు చెప్పమని, ఆ బరువు కింద నిలబడవద్దని చెప్పండి. ఒక పూట పని ఆగితే జీతంలో కోత పడవచ్చు. ఆ కోత ఇల్లు భరించగలదని మీ నోటి నుంచి వింటేనే అబ్బాయికి "ఆపండి" అనే ధైర్యం వస్తుంది.